భోజనం అయ్యాక చెప్పుకునే దుఆ: మీ ప్రశ్నలు, నా జవాబులు

పోయిన నెల ఈ శీర్షికలో ఇఫ్తార్ గురించి రాస్తూ చివర్లో భోజనం తర్వాత చేసే దుఆ గురించి రెండు మాటలు రాసి ఊరుకున్నాను. ఉత్తరాలన్నీ ఆ రెండు మాటల మీదే వచ్చాయి. ముస్లింలు రాశారు, ముస్లింలు కానివాళ్లూ రాశారు, ఎక్కువమంది చెన్నైలో ఉంటున్న మన తెలుగువాళ్లే. అందుకని ఈ నెల మొత్తం దీనికే పెట్టాను. పేర్లు వేయొద్దని చాలామంది కోరారు కాబట్టి ఎవరి పేరూ వేయలేదు.

ప్రశ్న: మాది రాజమండ్రి, ఉద్యోగం షోలింగనల్లూరులో. మా టీంలో కడప నుంచి వచ్చిన ముస్లిం స్నేహితుడు ఉన్నాడు. క్యాంటీన్‌లో తినడం అయ్యాక, ప్లేటు తీసే ముందు కాసేపు ఆగి నోట్లోనే ఏదో చదువుకుంటాడు. ఒక్కోసారి చేతులు కూడా ఎత్తుతాడు. అది నమాజా? ఏమంటాడు? అడిగితే ఏమనుకుంటాడో అని ఇన్నాళ్లూ అడగలేదు.

జవాబు: అడగండి తమ్ముడూ. తెలుసుకోవాలని అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు, నన్నెవరైనా అడిగితే నాకైతే ఆ పూటంతా సంతోషంగా ఉంటుంది. అది నమాజ్ కాదు. నమాజ్‌కు రోజుకు ఐదు వేళలున్నాయి, వుజూ చేసుకోవాలి, అంటే ముందు చేతులు, ముఖం, కాళ్లు కడుక్కోవాలి, ఖిబ్లా వైపు, అంటే మక్కాలోని కాబా ఉన్న దిక్కుకు తిరిగి నిలబడాలి. మీవాడు చదివేది దుఆ, అంటే అల్లాహ్‌తో చెప్పుకునే మాట. దానికి వేళ, దిక్కు అక్కర్లేదు, క్యాంటీన్ బల్ల దగ్గర కూర్చునే చెప్పుకోవచ్చు.

చాలావరకు అతను చదివేది ఇదే అయి ఉంటుంది: "అల్‌హమ్దు లిల్లాహిల్లజీ అత్‌అమనా వ సఖానా వ జఅలనా ముస్లిమీన్." మాకు తిండి పెట్టి, తాగడానికి ఇచ్చి, మమ్మల్ని ముస్లింలుగా చేసిన అల్లాహ్‌కే స్తోత్రాలన్నీ అని దాని భావం. మన వైపు చాలా ఇళ్లల్లో చివర "మినల్ ముస్లిమీన్" అని చదవడం అలవాటు. ప్రవక్త సహచరుడు అబూ సయీద్ ఖుద్రీ (రజి, అంటే అల్లాహ్ ఆయన పట్ల సంతోషించుగాక) చెప్పినట్టుగా ఇది అబూ దావూద్, తిర్మిజీ హదీసు గ్రంథాల్లో, అంటే ప్రవక్త మాటలు, చేతలు కూర్చిన పుస్తకాల్లో ఉంది. ఉల్లేఖకుల వరసలో బలహీనత ఉందన్న హదీసు పండితులూ ఉన్నారు, అయినా మన దగ్గర పిల్లలకు ముందు నేర్పేది ఎక్కువగా దీన్నే.

ఇంకొకటి ఉంది, నాకు ప్రాణం దాని మీద: "అల్‌హమ్దు లిల్లాహిల్లజీ అత్‌అమనీ హాజా వ రజఖనీహి మిన్ గైరి హౌలిమ్ మిన్నీ వ లా ఖువ్వహ్." నా బలం గానీ నా శక్తి గానీ ఏమీ లేకుండానే నాకు ఈ అన్నం తినిపించి, దీన్ని నాకు ప్రసాదించిన అల్లాహ్‌కే స్తోత్రం. భోజనం చేసి ఈ మాటలు పలికినవాడి గత పాపాలు మన్నించబడతాయని ముఆజ్ బిన్ అనస్ (రజి) హదీసులో ఉంది, ఇదీ అబూ దావూద్, తిర్మిజీలలోనే.

జీతం నాది, కార్డు గీకింది నేను, నా బలం ఏమీ లేదనడమేంటి అని మీకు అనిపించవచ్చు. మా అబ్బాకు గొంతు ఆపరేషన్ అయినప్పుడు నెల్లూరు నుంచి ఇక్కడికి తీసుకొచ్చాం. కొన్ని వారాలు ముక్కులో గొట్టంలోంచే ఆహారం. డబ్బుంది, పక్కన మేమంతా ఉన్నాం, కింద హోటల్ ఉంది, అన్నీ ఉన్నాయి, గుటక మాత్రం పడదు. గొట్టం తీశాక నర్సు పలచటి గంజి చెంచాతో పెట్టింది, సగం గడ్డం మీదికి కారింది, సగం లోపలికి పోయింది. ఆ సగం దిగిందని తెలిసిన వెంటనే ఆయన పెదవులు కదలడం మొదలైంది, గొంతు లేదు కాబట్టి వినపడలేదు గానీ పెదవుల కదలికను బట్టి మా అమ్మీ పోల్చుకుంది, ఈ దుఆయే. నా శక్తి లేకుండానే అనే మాట ఆ రోజు నుంచి నాకు పుస్తకంలో మాటలా లేదు. ఆకలి వేయడం, రుచి తెలియడం, మింగుడు పడటం, తిన్నది అరగడం, ఇందులో ఏది మన చేతిలో ఉంది చెప్పండి.

చేతులెత్తడం గురించి. మామూలుగా దుఆలో చేతులెత్తడం మంచి పద్ధతే, కానీ భోజనం తర్వాత తప్పకుండా ఎత్తాలన్న నియమం లేదు. మీవాడు కొన్నిసార్లే ఎత్తుతున్నాడంటే దాని వెనక ప్రత్యేకమైన లెక్క ఏమీ ఉండదు, ఇంట్లో పెద్దవాళ్లను చూసి వచ్చిన అలవాటు అయి ఉంటుంది.

ప్రశ్న: మాది ఒంగోలు దగ్గర పల్లె, మేం దూదేకులవాళ్లం, పుట్టింట్లో తెలుగే తప్ప ఉర్దూ లేదు. పెళ్లయి ట్రిప్లికేన్ వచ్చాను. అత్తగారింట్లో అందరూ ఉర్దూ మాట్లాడతారు, దుఆలు గడగడా చదువుతారు. నాకు అరబీ మాటలు నోరు తిరగవు. తప్పు చదివితే ఆడబిడ్డలు నవ్వుతారు, అన్నం తిన్నంతసేపూ చివర్లో దుఆ ఉందనే టెన్షన్. తెలుగులో చెప్పుకుంటే అల్లాహ్ వినడా?

జవాబు: వింటాడు చెల్లీ, ఎందుకు వినడు? నమాజ్ బయట చేసుకునే దుఆ ఏ భాషలోనైనా చేసుకోవచ్చు, ఇందులో మీకు అనుమానం అక్కర్లేదు. మీరుండే ఈ రాష్ట్రంలో ఇంట్లో తమిళం మాట్లాడే ముస్లింలే ఎక్కువ, వాళ్లు తమ కష్టం, తమ సంతోషం అల్లాహ్‌కు తమిళంలోనే చెప్పుకుంటారు. తెలుగులో చెప్పుకోవడానికి మీరు సిగ్గుపడాల్సింది ఏముంది? దూదేకుల ఇళ్లల్లో తరతరాలుగా నమాజులు చేశారు, రోజాలు (ఉపవాసాలు) ఉన్నారు, పిల్లలకు బిస్మిల్లా చెప్పించారు, ఉర్దూ రానంత మాత్రాన ఆ పెద్దల ఈమాన్ (విశ్వాసం) తక్కువైపోలేదు. ఈ మాట మీ అత్తగారింట్లో నెమ్మదిగానే అయినా ఒకసారి చెప్పి తీరాలి.

అయితే ప్రవక్త (స, అంటే ఆయనపై శాంతి కలుగుగాక) నోట వచ్చిన మాటలు అవే మాటల్లో నేర్చుకుంటే దాని విలువ దానికుంది, అందుకని వదిలేయకండి, నిదానంగా నేర్చుకోండి. ఖురాన్‌ను తడబడుతూ, కష్టపడుతూ చదివేవాళ్లకు రెండు పుణ్యాలని హజ్రత్ ఆయిషా (రజి) చెప్పిన హదీసు బుఖారీ, ముస్లిం అనే హదీసు గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. అది ఖురాన్ గురించే చెప్పినా, తడబాటును అల్లాహ్ ఎలా చూస్తాడో అందులో తెలుస్తోంది కదా, ఆడబిడ్డలు ఎలా చూస్తే ఏమిటి.

నేర్చుకునే పద్ధతి చెబుతాను. మొదటి వారం "అల్‌హమ్దు లిల్లాహ్" ఒక్కటే చాలు, తిన్న ప్రతిసారీ. అదే దుఆ, అదే పూర్తి, దానికి లోటేమీ లేదు. అది నాలుక మీద ఆగాక "అల్లజీ అత్‌అమనా" కలపండి, కలిపినప్పుడు "లిల్లాహిల్లజీ" అవుతుంది. "అత్" దగ్గర చిన్నగా ఆగి "అమనా" అనాలి, చాలామంది "అతమనా" అని ఒకే ఊపులో చదివేస్తారు. తర్వాత "వ సఖానా", ఇక్కడ ఖ మన ఖర్జూరంలో ఖ కాదు, గొంతు అడుగు నుంచి వచ్చే క, ఎవరైనా బాగా చదివేవాళ్ల దగ్గర విని పట్టుకోవాలి. చివరి ముక్క తేలిక. మీ పాపకో బాబుకో నేర్పే వయసు ఉంటే వాళ్లతో కలిసి నేర్చుకోండి, పిల్లల ముందు తప్పు చదివితే నవ్వరు, సరిచేస్తారు.

ఇంకో సంగతి. అర్థం తెలియకుండా గడగడా చదివేవాళ్లు అర్థం తెలుసుకోవాలి, అర్థం తెలిసిన మీరు మాటలు నేర్చుకోవాలి. ఖురాన్‌కు తెలుగు అనువాదం ఇప్పటిది కాదు, చిలుకూరి నారాయణరావు గారు ఎప్పుడో చేశారు, ఆ తర్వాతా వచ్చాయి. ఒకటి ఇంట్లో పెట్టుకోండి.

ప్రశ్న: అంబత్తూరు నుంచి రాస్తున్నాను. మా ఆయన చాలా నిష్ఠగల మనిషి. అన్నం తిన్నాక దుఆ చదవకుండా లేవడు. కానీ పెళ్లయి ఇన్నేళ్లలో నా వంట బాగుందని ఒక్కసారి కూడా అనలేదు. ఉప్పు తగ్గితే మాత్రం మొదటి ముద్దకే చెబుతాడు. ఒకరోజు అడిగాను, కృతజ్ఞత అల్లాహ్‌కే చెప్పాలి, మనుషులకు కాదు అన్నాడు. నేను అందరికీ పెట్టి, చివర్లో వంటింట్లో ఒక్కదాన్నే తింటాను. ఆయన చెప్పింది నిజమేనా?

జవాబు: నిజం కాదమ్మా. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నేను ఎక్కువసేపు ఆలోచించింది మీ ఉత్తరం గురించే, కాబట్టి కొంచెం పెద్దగానే రాస్తాను, మీ ఆయన కూడా చదివితే బాగుంటుంది.

స్తోత్రం అల్లాహ్‌దే, అందులో వాదన లేదు. కానీ ప్రవక్త (స) అన్నారని అబూ హురైరా (రజి) చెప్పిన మాట ఇది: మనుషులకు కృతజ్ఞత చూపనివాడు అల్లాహ్‌కు కృతజ్ఞత చూపనివాడే. అబూ దావూద్‌లో, తిర్మిజీలో ఉంది. అంటే పైకి వెళ్లాల్సిన దుఆ వంటింటి మీదుగానే వెళ్లాలి. ఎవరి చేత అల్లాహ్ ఆ అన్నం పంపించాడో ఆ మనిషిని దాటేసి నేరుగా ఆయనకే చెబుతానంటే కుదరదని ఈ హదీసు సూటిగా చెబుతోంది. ఇంకో హదీసులో, మేలు చేసినవాళ్లకు "జజాకల్లాహు ఖైరన్" అన్నవాడు ప్రశంసలో నిండుగా ఇచ్చేసినట్టేనని ఉంది, ఉసామా బిన్ జైద్ (రజి) చెప్పింది, తిర్మిజీలో. అల్లాహ్ నీకు మంచి ప్రతిఫలం ఇవ్వాలి అని దాని భావం. దీన్ని బయట అందరికీ అంటాం, షాపులో చిల్లర ఇచ్చినా అంటాం, ఇంట్లో భార్యకు మాత్రం అనం. ఎందుకనో నాకు ఎప్పటికీ అర్థం కాదు.

ఇక ఉప్పు సంగతి. ప్రవక్త (స) ఎన్నడూ ఏ భోజనానికీ వంక పెట్టలేదు, ఇష్టమైతే తిన్నారు, లేకపోతే వదిలేశారు. ఇది బుఖారీ, ముస్లిం రెండింటిలో ఉన్న హదీసు, అబూ హురైరా (రజి) నుంచే. ఇమామ్ నవవీ 13వ శతాబ్దంలో దీనికి వివరణ రాస్తూ, వంక పెట్టడమంటే ఏమిటో కూడా చెప్పారు: ఉప్పెక్కువైంది, ఉప్పు తగ్గింది, పులిసింది, పలచనైంది, చిక్కబడింది, ఉడకలేదు, ఇలాంటి మాటలు. చూశారా, మీ ఇంటి భోజనాల దగ్గర వినపడే మాటలే అన్నీ. ఇష్టం లేనిది తినమని ఎవరూ బలవంతం చేయరు, ఉడుము మాంసం వడ్డిస్తే ప్రవక్త (స) తినలేదు, మా ప్రాంతంలో ఇది లేదు, నాకు మనసు ఒప్పడం లేదు అన్నారు, అంతే, పక్కన ఖాలిద్ బిన్ వలీద్ (రజి) తింటుంటే చూస్తూ ఉన్నారు, వద్దనలేదు. కాబట్టి ఉప్పు అవసరమైతే ఉప్పు డబ్బా అందుకోవచ్చు. ముద్ద నోట్లో పెట్టగానే ఇంటావిడ మొహం చిన్నబోయేలా మాట అనాల్సిన పని లేదు.

మెచ్చుకోవడం కూడా ప్రవక్త (స) దగ్గరే నేర్చుకోవాలి. ఒకసారి ఇంట్లో ఆదరువు ఏముందని అడిగితే సిర్కా (వెనిగర్) తప్ప ఏమీ లేదన్నారు. అదే తెమ్మని రొట్టెతో తింటూ, సిర్కా ఎంత మంచి ఆదరువు, సిర్కా ఎంత మంచి ఆదరువు అన్నారు. జాబిర్ (రజి) చెప్పిన ఈ హదీసు ముస్లింలో ఉంది. ఇంట్లో ఇంకేమీ లేదని చెప్పాల్సి వచ్చిన మనిషికి ఆ పూట ఆ మాట ఎంత ఊరటగా ఉండి ఉంటుందో వంట చేసేవాళ్లకే తెలుస్తుంది. మీ ఆయన మీరు చేసిన దాల్చానో, పచ్చిపులుసో తిని అలా ఒక్క మాట అంటే ఆయన దుఆకు ఏం తక్కువవుతుంది? ఇంట్లో ఉన్నప్పుడు ప్రవక్త (స) ఏం చేసేవారని అడిగితే, ఇంటివాళ్ల పనుల్లో సాయంగా ఉండేవారు, నమాజ్ వేళ కాగానే వెళ్లేవారు అని హజ్రత్ ఆయిషా (రజి) చెప్పారు, బుఖారీలో ఉంది. నిష్ఠ అంటే ఇదంతా కలిపి.

మీ వైపు నుంచి కూడా ఒకటి చెప్పాలి, కోపం తెచ్చుకోకండి. ఖురాన్ 76వ సూరాలో (అధ్యాయంలో), పేదలకూ అనాథలకూ ఖైదీలకూ అన్నం పెట్టే మంచివాళ్లు ఏమంటారో ఉంది: మేము అల్లాహ్ కోసమే మీకు తినిపిస్తున్నాం, మీ నుంచి ప్రతిఫలం గానీ కృతజ్ఞత గానీ కోరడం లేదు. వండి పెట్టే చేతికి ఇది చాలా పెద్ద స్థానం, మీ శ్రమ ఎవరు గుర్తించినా గుర్తించకపోయినా లెక్కలో ఉందన్న ధైర్యం. అయితే ఈ ఆయతును (ఖురాన్ వాక్యాన్ని) తినేవాడు అడ్డం పెట్టుకోకూడదు. పెట్టేవాళ్లు ఆశించకపోవడం వాళ్ల గొప్పతనం, తినేవాళ్లు చెప్పకపోవడం మాత్రం వీళ్ల లోటు. మీరు బాధపడటంలో తప్పేమీ లేదు.

అన్నిటికంటే నన్ను బాధపెట్టింది మీరు చివర్లో వంటింట్లో ఒక్కరే తింటున్నారన్న మాట. మేము తింటున్నాం గానీ కడుపు నిండటం లేదని సహచరులు అంటే, విడివిడిగా తింటున్నారేమో, కలిసి తినండి, అల్లాహ్ పేరు తలచుకోండి, బర్కత్ (శుభం, సమృద్ధి) ఉంటుంది అని ప్రవక్త (స) చెప్పారు, అబూ దావూద్‌లో ఉంది. కాబట్టి రేపటి నుంచే గిన్నెలన్నీ దస్తర్‌ఖాన్ (భోజనానికి పరిచే గుడ్డ) మీద పెట్టేసి మీరూ కూర్చోండి. ఎవరికి కావలసింది వాళ్లు వడ్డించుకుంటారు. పిల్లలుంటే నీళ్ల జగ్గు వాళ్ల పని. రొట్టెలు వేడివేడిగా కావాలంటే సెలవు రోజున ఆయన్నే పెనం దగ్గర నిలబడమనండి. తిన్నాక దుఆ అందరూ కలిసి చదవండి, మీ గొంతు కూడా అందులో ఉండాలి.

ప్రశ్న: మొదట్లో బిస్మిల్లా మర్చిపోతాను, చివర్లో దుఆ మర్చిపోతాను, బస్సెక్కాక గుర్తొస్తుంది. ఏం చేయాలి? (తాంబరం నుంచి ఒక డిగ్రీ విద్యార్థి)

జవాబు: తినేటప్పుడు మధ్యలో గుర్తొస్తే "బిస్మిల్లాహి అవ్వలహూ వ ఆఖిరహూ" అనాలి, దీని మొదట్లోనూ చివర్లోనూ అల్లాహ్ పేరుతోనే అని, హజ్రత్ ఆయిషా (రజి) హదీసు ఇది. తిన్నాక దుఆ మర్చిపోతే గుర్తొచ్చిన చోటే, బస్సులోనే, అల్‌హమ్దులిల్లాహ్ అనుకోండి. ఇది ఖజా నమాజ్ (వేళ తప్పాక తర్వాత చేసి తీర్చే నమాజ్) లాంటిది కాదు, అప్పు పడిపోదు, కంగారు వద్దు. ప్రవక్త (స) ఇంట్లో పెరిగిన పిల్లవాడు ఉమర్ బిన్ అబీ సలమా పళ్లెంలో నలుమూలలా చెయ్యి పెడుతుంటే, అబ్బాయీ, అల్లాహ్ పేరు తలచుకో, కుడిచేత్తో తిను, నీ దగ్గరున్నది తిను అని మూడే మాటలు చెప్పారు. ఆ తర్వాత తన తిండి పద్ధతి ఎప్పుడూ అదేనని పెద్దయ్యాక ఆయనే చెప్పుకున్నాడు. తినేటప్పుడు ఫోను పక్కన పెట్టండి, మర్చిపోవడం దానంతట అదే తగ్గుతుంది.

ప్రశ్న: మైలాపూర్‌లో ఉంటాం, మేం హిందువులం. మావారి కొలీగ్ కుటుంబం ట్రిప్లికేన్‌లో ఇఫ్తార్‌కు పిలిచారు. వాళ్లు దుఆ చేస్తున్నప్పుడు మేమేం చేయాలి? తర్వాత వాళ్లను మా ఇంటికి పిలవాలనుకుంటున్నాం, ఏం వండాలి?

జవాబు: హాయిగా వెళ్లండి. మగ్రిబ్ అజాన్‌కు, అంటే సూర్యాస్తమయపు నమాజ్ పిలుపుకు, పది నిమిషాల ముందే చేరండి, ఆ పది నిమిషాలు ఇంట్లో అందరూ ఎదురుగా పళ్లెం పెట్టుకుని కూర్చుంటారు, ఎవరికి వాళ్లు మనసులో అడుక్కుంటూ ఉంటారు, మీరూ ఊరికే కూర్చుంటే చాలు, మీ మనసులో ఏదైనా అనుకోవాలనిపిస్తే అనుకోండి. అజాన్ వినపడగానే ఖర్జూరం, నీళ్లు. అప్పుడు చదివేది ఉపవాసం విరిచే దుఆ: "జహబజ్జమఉ వబ్‌తల్లతిల్ ఉరూఖు వ సబతల్ అజ్రు ఇన్షా అల్లాహ్." దాహం తీరింది, నరాలు తడిశాయి, అల్లాహ్ తలిస్తే ప్రతిఫలం ఖాయమైంది అని. తర్వాత నోంబు కంజి వస్తుంది, బియ్యం, పెసరపప్పు, మెంతులు, అల్లం వెల్లుల్లి, కొబ్బరిపాలు వేసి మెత్తగా ఉడికించే గంజి, కొందరు కైమా వేస్తారు. మీరు శాకాహారులైతే ముందే చెప్పండి, మొహమాటపడకండి.

చెన్నైలో ఉన్న మీకు ఇంకోటి చెప్పాలనిపిస్తోంది. ట్రిప్లికేన్ హైరోడ్డులో 1795లో కట్టిన వాలాజా పెద్ద మసీదులో రంజాన్ నెలంతా ఇఫ్తార్ పెట్టే ఏర్పాటులో మీ మైలాపూర్‌లోని సూఫీదార్ ట్రస్టువాళ్లది పెద్ద చెయ్యి. దేశవిభజన తర్వాత సింధ్ నుంచి వచ్చిన దాదా రతన్‌చంద్ మొదలుపెట్టిన సేవ అది, దశాబ్దాలుగా సాగుతోంది. శాకాహార వంటలు అక్కడ వండి, ఇక్కడికి తెచ్చి, తలకు టోపీలు పెట్టుకున్న హిందూ వాలంటీర్లు వరసలో కూర్చున్నవాళ్లకు వడ్డిస్తారు. ఆ అన్నం తిని అల్‌హమ్దులిల్లాహ్ అన్నవాళ్లు వడ్డించినవాళ్ల మేలు కూడా కోరుకోకుండా లేస్తారని నేను అనుకోను.

మీ ఇంటికి పిలిస్తే పప్పు, గోంగూర, వంకాయ కూర, ఆవకాయ, పెరుగు, ఇంతకన్నా ఏం కావాలి? మాంసం మాత్రం వండకండి, హలాల్ సంగతి వాళ్లకు ఇబ్బంది అవుతుంది, వాళ్లు చెప్పలేక తినలేక కూర్చుంటారు. తిన్నాక అతిథి చెప్పే మాటలు వేరుగా ఉన్నాయి. సఅద్ బిన్ ఉబాదా (రజి) ఇంట్లో రొట్టె, నూనె తిన్నాక ప్రవక్త (స), మీ ఇంట ఉపవాసమున్నవాళ్లు ఇఫ్తార్ చేయాలి, మీ అన్నం సజ్జనులు తినాలి, దైవదూతలు మీ కోసం ప్రార్థించాలి అని దీవించారు. మన పెద్దవాళ్లు విస్తరి ముందు నుంచి లేస్తూ అన్నదాతా సుఖీభవ అనేవారు చూడండి, అలాంటిదే. మీ అతిథులు ఏ మాటలు ఎంచుకుంటారో వాళ్ల ఇష్టం, మా ఇంట్లో అయితే ఎవరింట తిన్నా వాళ్ల వంటింట్లో బర్కత్ ఉండాలని అరబీలో ఒకసారి అనుకుని, అదే మాట ఇంటివాళ్లకు అర్థమయ్యేలా తెలుగులోనో తమిళంలోనో మళ్లీ చెబుతాం.

ప్రశ్న: పెళ్లిళ్లలో బిర్యానీ సగం పళ్లెంలోనే వదిలేసి, అదే నోటితో దుఆ చదివి లేస్తున్నారు. ఇది చూడలేకపోతున్నాను. మీరు రాయండి. (రాయపేట నుంచి ఒక పెద్దాయన)

జవాబు: రాస్తాను అయ్యా, మీ బాధే నాదీ. తినండి, తాగండి, దుబారా చేయకండి అని 7వ సూరా 31వ ఆయతు. కింద పడిన ముద్దను కూడా అంటిన మట్టి దులిపి తినమని, షైతాన్‌కు వదలొద్దని, పళ్లెం తుడిచి తినమని, భోజనంలో ఏ భాగంలో బర్కత్ ఉందో మీకు తెలియదని ముస్లిం హదీసుల్లో ఉంది. మా అబ్బా దస్తర్‌ఖాన్ మీద పడ్డ మెతుకుల్ని చూపుడువేలు తడి చేసుకుని ఒక్కొక్కటే ఏరుకునేవారు, ఆ తర్వాతే దుఆ. బర్కత్ ఏ మెతుకులో ఉందో తెలియనప్పుడు సగం పళ్లెం చెత్తబుట్టలో వేసి స్తోత్రం చెప్పడం నాకూ మింగుడుపడదు.

కానీ తినేవాళ్లను మాత్రమే అని లాభం లేదు, వడ్డించే పద్ధతి కూడా మార్చాలి. తమిళ ముస్లింల పెళ్లిళ్లలో కొన్నిచోట్ల ఇప్పటికీ సహన్ పెడతారు, పెద్ద పళ్లెం చుట్టూ నలుగురు కూర్చుని తింటారు, ఎవరి ముందున్నది వాళ్లు తింటూ పోతే అడుగు కనపడుతుంది. ఇద్దరి భోజనం ముగ్గురికి సరిపోతుందన్న బుఖారీ హదీసుకు అది తగిన పద్ధతి. సహన్ కుదరని చోట మొదటి వడ్డన తక్కువ పెట్టి మళ్లీ అడగమనండి, పిల్లల పళ్లేల్లో పెద్ద ముక్కలు వేయకండి. దేగ్‌లో (వంట డేగిశాలో) మిగిలింది ఎవరూ ముట్టని అన్నం, ఆ రాత్రే తీసుకెళ్లేవాళ్లను పెళ్లికి ముందే మాట్లాడి పెట్టుకోండి. అర్ధరాత్రి ఫోన్లు చేస్తే ఎవరూ దొరకరు.

ప్రశ్న: టీకి, బిస్కెట్‌కు, ఊరికే మంచినీళ్లకు కూడా దుఆ ఉందా, లేక పెద్ద భోజనానికేనా? (పెరంబూర్ నుంచి ఒక గృహిణి)

జవాబు: అన్నిటికీ ఉంది. ఒక ముద్ద తిని స్తుతించే దాసుణ్ణి, ఒక గుక్క తాగి స్తుతించే దాసుణ్ణి చూసి అల్లాహ్ సంతోషిస్తాడని అనస్ (రజి) చెప్పిన హదీసు ముస్లింలో ఉంది. కాబట్టి టీకీ, నీళ్లకూ అల్‌హమ్దులిల్లాహ్ చాలు, పొడుగు దుఆ భోజనానికి ఉంచుకోండి. పాలకు మాత్రం ప్రత్యేకంగా "అల్లాహుమ్మ బారిక్ లనా ఫీహి వ జిద్‌నా మిన్హు" అని ఉంది, ఇందులో మాకు బర్కత్ ఇవ్వు, ఇంకా ఎక్కువ ఇవ్వు అని. పడుకునే ముందు పిల్లలకు పాలిచ్చేటప్పుడు నేర్పండి, చిన్నది కాబట్టి తొందరగా వచ్చేస్తుంది.